అమెరికా జియోథర్మల్ బోరు పర్మిషన్ సర్వీసు: పాత రూల్స్, కొత్త రూల్స్ రెండిట్లో తిరిగాక నా రివ్యూ

గవర్నమెంటు పర్మిషన్‌కి రివ్యూ ఏంటండీ అనుకోకండి. ఫీజు కడతాం, ఫారాలు నింపుతాం, ఎదురుచూస్తాం, చివరికి ఓ కాగితం చేతికొస్తుంది లేదా రాదు, అంటే ఇదీ సర్వీసే కదా. నా ఉద్యోగం ఇదే, భూమి లోపలి వేడితో కరెంటు తీసే కంపెనీలు బోరు వేసేముందు ఫెడరల్ ప్రభుత్వానికి ఏమేం చూపించాలో అవన్నీ పోగుచేసి ఫైలు కట్టి పంపడం, పంపాక ఆ ఫైలు ఎక్కడుందో కనుక్కుంటూ ఉండడం. 2024 నుంచి ఈ రూల్స్ ఒకదాని తర్వాత ఒకటి సడలిస్తూ వచ్చారు. దీని మీద రాసేవాళ్ళలో కొందరు ఇక అడ్డే లేదు ఎక్కడ పడితే అక్కడ బోర్లే అంటున్నారు, ఇంకొందరేమో ఎడారంతా నాశనం అయిపోయినట్టే అంటున్నారు, ఇద్దరూ ఆ ఫారం ఎప్పుడూ నింపినట్టు లేరు.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తా. వెతుకులాట స్టేజీలో చేసిన సడలింపులకి 5కి 4 స్టార్లు, 14 రోజుల ఎమర్జెన్సీ దారికి 2, ఆఫీసుల్లో మనుషుల కొరతకి 1, ఆ ఒక్కటి కూడా ఉన్న కొద్దిమందీ పడుతున్న కష్టం చూసి. మిగతాది ఓపికున్నవాళ్ళు చదవండి, కొంచెం పొడుగే.

అసలు ఈ సర్వీసు ఏంటో చూద్దాం. అమెరికాలో భూమి కింద వేడి అందుబాటు లోతులో దొరికే చోట్లు ఎక్కువగా పడమటి రాష్ట్రాల్లో ఉన్నాయి, అక్కడ భూమిలో పెద్ద భాగం ఫెడరల్ ప్రభుత్వానిదే, నెవాడా తీసుకుంటే సుమారు 80 శాతం. అందులో ఎక్కువ భాగాన్ని బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది, అందరూ బీఎల్ఎం అంటారు. 1970 నాటి జియోథర్మల్ స్టీమ్ యాక్ట్ కింద ముందు లీజు తీసుకోవాలి, దాని మొదటి గడువు 10 ఏళ్ళు. లీజు చేతికొచ్చింది కదా అని రిగ్గు తెచ్చి నిలబెడతానంటే కుదరదు. ఆ తర్వాత అడుగడుగునా నెపా ఉంటుంది, అంటే నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ పాలసీ యాక్ట్, 1970 జనవరి 1న నిక్సన్ సంతకం పెట్టిన చట్టం. ప్రభుత్వం ఏదైనా పని చేసేముందు, లేదా ఎవర్నైనా చేయనిచ్చేముందు, దానివల్ల చుట్టుపక్కల ఏమవుతుందో రాసి చూపించాలి అంటుంది అది. చిన్నాచితకా పనికి మినహాయింపు ఉంటుంది, దాన్ని కేటగిరికల్ ఎక్స్‌క్లూజన్ అంటారు, మధ్యరకం పనికి అసెస్‌మెంట్ అని ఒకటి రాయాలి, పెద్ద పనికి ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ అనే లావుపాటి పుస్తకం. ఈ పుస్తకాలు మరీ పెరిగిపోతున్నాయని 2023లో చట్టం మార్చి అసెస్‌మెంట్‌కి 75 పేజీలు ఒక ఏడాది, స్టేట్‌మెంట్‌కి మామూలుగా 150 పేజీలు రెండేళ్ళు అని హద్దు గీశారు, అనుబంధాలు ఆ లెక్కలోకి రావు కాబట్టి ఇప్పుడు పుస్తకం సన్నబడి అనుబంధం లావెక్కింది, అది వేరే కథ.

ఐడియా పరంగా నాకు నెపాతో పేచీ లేదు. ఒకే జియోథర్మల్ ప్రాజెక్టు ఈ నెపాని గరిష్ఠంగా ఆరు సార్లు దాటాల్సి రావచ్చు, అక్కడే వస్తుంది చిక్కంతా. ఆ ప్రాంతం మొత్తానికి భూవినియోగ ప్లాన్ వేసేటప్పుడు ఒకసారి, లీజుకి ఇచ్చేటప్పుడు ఒకసారి, సర్వే చేసేటప్పుడు, వెతుకులాట బోరు వేసేటప్పుడు, అసలు బావులన్నీ వేసేటప్పుడు, చివర్న ప్లాంటూ కరెంటు లైన్లూ కట్టేటప్పుడు. ప్రతిసారీ దాదాపు అదే లోయ, అవే పక్షులు, అవే పొదలు, పోయినసారి రాసిందే మళ్ళీ రాయడం, తేదీలు మార్చడం. అమెరికా ఇంధన శాఖ 2019లో జియోవిజన్ అని ఒక రిపోర్టు ఇచ్చింది, ఫెడరల్ భూమిలో ఒక ప్రాజెక్టు మొదలై పూర్తవడానికి 7 నుంచి 10 ఏళ్ళు పట్టేస్తోందని అందరూ చెప్పుకునే లెక్క దాంట్లోదే. కొత్త టెక్నాలజీ ఏమీ రాకపోయినా ఒక్క పర్మిషన్ల టైం తగ్గిస్తే చాలు 2050 నాటికి కెపాసిటీ 13 గిగావాట్లకి చేరొచ్చు, ఏమీ మార్చకపోతే వచ్చేదానికి ఇది రెట్టింపు పైనే అని కూడా అందులో ఉంది. ఇప్పుడు దేశం మొత్తం కలిపి 4 గిగావాట్ల దరిదాపుల్లో ఉంది, అందులో 90 శాతం పైగా కాలిఫోర్నియా నెవాడాల్లోనే. 1960లో కాలిఫోర్నియాలో గీజర్స్ అనే చోట తన మొదటి కమర్షియల్ ప్లాంటు పెట్టిన దేశం ఇంతకాలానికి ఇక్కడ ఉందంటే ఏమనాలి.

సోలార్‌కి ఎండ ఎంతుందో లెక్క కట్టొచ్చు, గాలికి స్తంభం పాతి ఏడాది కొలిస్తే తెలుస్తుంది. దీనికి అలా కుదరదు, కింద వేడినీళ్ళున్నాయా, ఉంటే ఎంత వేడి, అవి బోరులోకి వచ్చేంత పగుళ్ళు రాతిలో ఉన్నాయా అన్నది బోరు వేస్తేనే తేలుతుంది. పైన వేడినీటి బుగ్గ ఉంటే కొంత అంచనా, అది కూడా లేని చోట్లు బోలెడు. పాత పద్ధతి ఏమనేదంటే, నువ్వు బోరు వేస్తే కింద నీళ్ళకి ఏమవుతుందో ముందు చెప్పు అప్పుడు వేయనిస్తాను అని. కింద నీళ్ళ సంగతి బోరు వేస్తే కదా తెలిసేది. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత ఈ ఆఫీసు గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. మేం రాసే అసెస్‌మెంట్లలో భూగర్భ జలాల చాప్టరు సగం ఊహ, సగం పక్క లోయ లెక్కలు.

పర్మిషన్లంటే కాగితాలేగా అనుకునేవాళ్ళ కోసం ఆ వెతుకులాట బోరు ఎలా ఉంటుందో చెప్తా. రాత్రి షిఫ్టులో రిగ్గు దగ్గర నిలబడి చూశాను, బోరులోకి పంపే బురదకి ఒక థర్మామీటరు, పైకి తిరిగొచ్చే బురదకి ఒకటి, మడ్ లాగర్ కుర్రాడు కళ్ళన్నీ ఆ రెండు అంకెల మీదే. షేకర్ జల్లెడ మీద పడే రాతి తునకల్ని గరిటెతో తీసి కడిగి చిన్న సంచుల్లో కట్టి పైన లోతు రాస్తాడు, జియాలజిస్టు వాటిని లెన్స్ కింద పెట్టి చూస్తూ తనలో తనే ఏదో గొణుక్కుంటుంది. పైకొచ్చే బురద వేడి కొద్దికొద్దిగా పెరుగుతుంటే అందరి మొహాలూ విప్పారతాయి. ఉన్నట్టుండి బురద తిరిగి రావడం ఆగిపోతే, అంటే కింద ఏదో పగుల్లోకి జారిపోతోందన్నమాట, డ్రిల్లర్‌కి ముచ్చెమటలు, జియాలజిస్టుకి మాత్రం పండగే, మనకి కావలసింది ఆ పగుళ్ళే కదా మరి. ఇంతా చేస్తే ఆ సైటు ఒక ప్యాడు, బురద గుంట, రెండు మూడు ట్రెయిలర్లు, లోపలికి ఒక మట్టి రోడ్డు, అంతే. ఏమీ తగల్లేదంటే సిమెంటుతో పూడ్చి గుంట కప్పేసి విత్తనాలు చల్లి వెళ్ళిపోతారు. దీనికి కూడా పవర్ ప్లాంటుకి పట్టినంత కాలం పడుతుంటే ఏ బ్యాంకు డబ్బిస్తుంది, వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది కదా.

ఇంకో విడ్డూరం ఏంటంటే ఇదే రిగ్గు ఇదే క్రూ పక్క లోయలో ఆయిల్ కోసం బోరు వేస్తే రూల్ వేరు. 2005 ఎనర్జీ పాలసీ యాక్ట్‌లో ఆయిల్, గ్యాస్ బావులకి ప్రత్యేక మినహాయింపులు రాసేశారు, లీజులో మొత్తం 150 ఎకరాలకి మించకుండా, ఆ చోటికి అంతకుముందే ఒకసారి నెపా స్టడీ అయి ఉంటే, ఒక్కో పనిలో 5 ఎకరాలలోపు చెదిరే బావికి మళ్ళీ కొత్తగా అసెస్‌మెంట్ అక్కర్లేదు. జియోథర్మల్‌కి ఆ వరం ఇవ్వలేదు. అంటే పొగ వచ్చేదానికి షార్ట్‌కట్, పొగ లేనిదానికి చుట్టుదారి. ఎవరో కావాలని చేశారని నేననుకోను, 2005లో ఆ చట్టం రాసేటప్పుడు ఆ గదిలో జియోథర్మల్ తరఫున గట్టిగా మాట్లాడేవాళ్ళు తక్కువ, అంతే అయ్యుంటుంది.

ఇక కొత్త వెర్షన్. 2024 ఏప్రిల్‌లో బీఎల్ఎం ఒక తెలివైన పని చేసింది, కొత్త రూల్ రాసుకుంటూ కూర్చోకుండా ఫారెస్ట్ సర్వీసు దగ్గరా నేవీ దగ్గరా ఆల్రెడీ ఉన్న మినహాయింపుల్ని తను కూడా తీసేసుకుంది. నేవీకి భూమి లోపలి వేడితో ఏం పని అని అడిగేవాళ్ళకి, కాలిఫోర్నియాలో చైనా లేక్ నేవీ బేస్ లోపల కోసో అని 1980ల నుంచి కరెంటు తీస్తున్న జియోథర్మల్ ఫీల్డ్ ఉంది, కాబట్టి వాళ్ళ దగ్గర అనుభవం బాగానే ఉంది. తర్వాత 2024 అక్టోబర్‌లో బీఎల్ఎం సొంతంగా ఒక మినహాయింపు ప్రతిపాదించింది, 2025 మొదట్లో ఖరారైంది. కింద నిజంగా వేడి ఉందా అని తేల్చుకునే బోర్లకి, మొత్తం 20 ఎకరాలకి మించి నేల చెదరకుండా ఉంటే, విడిగా అసెస్‌మెంట్ రాయక్కర్లేదు. ప్లాంటు కట్టడానికి ఇది పనికిరాదు, కరెంటు అమ్ముకోడానికి పనికిరాదు, తేల్చుకోడానికి మాత్రమే.

ఇదే నాకు నచ్చింది. సడలింపు పెట్టాల్సిన చోట సరిగ్గా పెట్టారు. బోరు వేసి లెక్కలు తెచ్చుకో, ఆ లెక్కలతో వచ్చి ప్లాంటుకి అసెస్‌మెంట్ రాయి, అప్పుడు గట్టిగా అడుగుతా అంటోంది, ఇది న్యాయంగా ఉంది. పైగా మినహాయింపు అంటే గుడ్డిగా ముద్ర కొట్టేయడం అని చాలామంది అనుకుంటున్నారు, కాదు, అసాధారణ పరిస్థితులు ఏమైనా ఉన్నాయా అని ఒక చెక్‌లిస్టు ఉంటుంది, అంతరించిపోతున్న జీవి ఉందా, పాత మనుషుల ఆనవాళ్ళున్నాయా, ఊటలున్నాయా, ఒక్కదానికి అవును అని తేలినా మినహాయింపు దక్కకపోవచ్చు, మామూలు దారిలోకి తోస్తారు. జీవుల చట్టం, చారిత్రక స్థలాల చట్టం, రాష్ట్రం వాళ్ళ నీళ్ళ హక్కులు, బావి భద్రత రూల్స్ ఏవీ దీనివల్ల ఎగిరిపోవు. ఒక స్టార్ ఎందుకు కోశానంటే ఆ చెక్‌లిస్టు ఒక్కో ఫీల్డ్ ఆఫీసులో ఒక్కోలా చదువుతారు, ఒకచోట ఊట మైలు దూరంలో ఉన్నా పర్లేదంటారు, ఇంకోచోట అదే దూరానికి ఫైలు పక్కన పెడతారు, ముందుగా తెలుసుకునే దారి లేదు.

అసలు ఆలస్యం ఎక్కడుందో చెప్పకుండా ఈ రివ్యూ రాస్తే అన్యాయం. రూల్ బుక్ ఎంత సన్నబడినా క్యాలెండర్ సన్నబడదు. అరుదైన మొక్క ఉందా లేదా అని చూడాలంటే అది పూసే రోజుల్లోనే బాటనిస్టు వెళ్ళాలి, పూలు లేకపోతే రెండు జాతుల్ని విడదీసి చెప్పలేరు. సేజ్ గ్రౌస్ అనే పక్షులు వసంతంలో తెల్లవారుజామున ఒకే చోట చేరి మగవి గుండె ఉబ్బించి ఆడతాయి, ఆ ఆటస్థలం దగ్గర్లో ఉంటే ఆ నెలల్లో రిగ్గు మోత మోగకూడదు. ఆర్కియాలజిస్టులు మీటర్ల లెక్కన ఎడం పెట్టుకుని వరసగా లోయంతా నడుస్తారు, నల్లగా మెరిసే అబ్సిడియన్ పెచ్చు ఒకటి కనిపిస్తే వంగి జెండా పాతుతారు, అది ఎప్పుడో ఎవరో బాణం మొన చెక్కుతుంటే రాలిన పెచ్చు, చూసి కళ్ళు చెమర్చే ఆర్కియాలజిస్టులున్నారు, పక్కనే క్లయింటు వాచీ చూసుకుంటుంటాడు. మార్చిలో లీజు వచ్చి సర్వేవాళ్ళని బుక్ చేసుకునేసరికి జులై అయిందంటే పూలు వాడిపోయాయి, ఇక వచ్చే ఏడాదే. దీనికి వాషింగ్టన్‌లో ఎవరు సంతకం పెట్టినా ఏమీ అవదు.

రెండోది మనుషులు. ఆయిల్ పర్మిట్లు రోజూ చూసే ఫీల్డ్ ఆఫీసులున్నాయి, వాళ్ళకి 2005 చట్టం కిందే ప్రత్యేకంగా స్టాఫునీ డబ్బునీ కేటాయించి పైలట్ ఆఫీసులు పెట్టారు. జియోథర్మల్ ఫైలు చదివి అర్థం చేసుకునేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఓ ఆఫీసులో, పేరెందుకులెండి, మా ఫైలు చూసే ఆవిడ వేరే చోటికి మారిపోయారు, ఆవిడ ఓకే చేసిన మ్యాపుని కొత్తాయన స్కేలు మార్చి మళ్ళీ పంపమన్నారు, పంపాం, ఈసారి రోడ్డు గీత రంగు బాలేదన్నారు, రంగు మార్చాం, అప్పటికి ఆయన సెలవులో ఉన్నారు. ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్, వాయిస్ మెయిల్ నిండిపోయింది అని ఇంకో వాయిస్. మా క్లయింటుకి ఏం చెప్పాలో తెలీక తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన్ని తిట్టలేను కూడా, టేబుల్ మీద లిథియం ఫైళ్ళు, సోలార్ ఫైళ్ళు, గడ్డి మేపుకునే పర్మిట్లు అన్నీ ఆయనవే. కొత్త మినహాయింపు వచ్చినా దాన్ని వర్తింపజేసి సంతకం పెట్టడానికి మనిషి కావాలి కదా, ఆ ఒక్క స్టార్ దీనికే.

ఇప్పుడు 14 రోజుల దారి. 2025 జనవరిలో ట్రంప్ ఇంధన ఎమర్జెన్సీ ప్రకటించాక, ఏప్రిల్‌లో బీఎల్ఎం పైనుండే ఇంటీరియర్ శాఖ ఎమర్జెన్సీ పద్ధతులు తెచ్చింది, ఏడాది పట్టే అసెస్‌మెంట్ 14 రోజుల్లో, రెండేళ్ళు పట్టే స్టేట్‌మెంట్ 28 రోజుల్లో అయిపోవాలట. జియోథర్మల్ ఆ లిస్టులో ఉంది, గాలి సోలార్ లేవు. మే నెలలో నెవాడాలో ఓర్మాట్ అనే జియోథర్మల్ కంపెనీ ప్రాజెక్టులు మూడింటిని ఈ దారిలో పెడుతున్నామని ప్రకటించారు. మా ఆఫీసులో ఆ రోజు అందరూ మొదట చప్పట్లు కొట్టారు, తర్వాత ఒక్కొక్కరూ నెమ్మదిగా లెక్కలేసుకున్నారు. 14 రోజుల్లో ఏం చదువుతారు, ముందే అన్నీ రాసిపెట్టుకుని ఉన్న ప్రాజెక్టుకైతే ఓకే, పాత ప్లాంటు పక్కన విస్తరణకైతే ఓకే, కొత్త లోయకి ఇది పనికిరాదు. ఊరివాళ్ళకీ అక్కడి ఆదివాసీ తెగలకీ మాట్లాడే టైం కూడా రోజుల్లోకి కుదించేశారు, తాతముత్తాతల కాలం నుంచి ఒక ఊటని పూజించుకునేవాళ్ళకి వారం పది రోజుల్లో అభిప్రాయం చెప్పండి అని ఈమెయిల్ పంపితే వాళ్ళు చెప్పేది కోర్టులోనే. కోర్టుకెళ్తే 14 రోజుల ఫైలు కాబట్టి పలచగా ఉంటుంది, పలచటి ఫైలు నిలబెట్టుకోవడం కష్టం. 2025 మేలో సుప్రీంకోర్టు సెవెన్ కౌంటీ అనే రైలు మార్గం కేసులో నెపా విషయంలో ఏజెన్సీల మాటకి గట్టి విలువివ్వాలని చెప్పింది నిజమే, కానీ ఆలోచించి రాసిన మాటకి కదా విలువ.

తొందరపడితే ఏమవుతుందో డిక్సీ మెడోస్ చూడండి. నెవాడాలో ఒక వేడినీటి చిత్తడి, అందులో ఒక చిన్న కప్ప, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అదో ప్రత్యేక జాతి అని 2017లోగానీ గుర్తించలేదు. 2021 నవంబర్‌లో అక్కడ 60 మెగావాట్ల ప్రాజెక్టుకి పర్మిషన్ ఇచ్చారు, ఆ మరుసటి నెలలోనే ఫాలన్ పయూట్-షోషోన్ తెగవాళ్ళూ ఒక పర్యావరణ సంస్థా కోర్టుకెళ్ళారు, 2022 ఏప్రిల్‌లో ఆ కప్పని ఎమర్జెన్సీగా అంతరించిపోతున్న జాతుల లిస్టులో పెట్టారు, డిసెంబర్‌లో పర్మనెంట్ చేశారు, కంపెనీ ప్రాజెక్టుని 12 మెగావాట్లకి తగ్గించుకుంది. కప్పని చూసి నవ్వేవాళ్ళు చాలామంది ఉంటారు నా ఫీల్డ్‌లో, నాకు నవ్వు రాదు, ఆ కప్ప బతికేది ఆ వేడినీటి వల్లే, బోరు లాగేదీ ఆ నీటి వ్యవస్థనే, అసలు ప్రశ్న కప్ప కాదు నీళ్ళు. అదే నెవాడాలో బియోవావే అని అమెరికాలోకెల్లా పెద్ద గీజర్ ఫీల్డ్‌లలో ఒకటి ఉండేది, గీజర్ అంటే నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్మే ఊట, బోర్లూ ప్లాంటూ వచ్చాక ఆ గీజర్లు లేవు. న్యూజిలాండ్‌లో 1958లో మొదలైన వైరాకే దగ్గర కూడా గీజర్ లోయ ఎండిపోయింది, నేల కొన్నిచోట్ల మీటర్ల కొద్దీ కుంగింది. తర్వాత తీసిన నీళ్ళని తిరిగి కిందకి పంపడం నేర్చుకున్నారు, ఇప్పుడు అందరూ అదే చేస్తారు, కానీ తిరిగి పంపే బోరు ఎక్కడ వేయాలన్నది కూడా చూసి చేయాల్సిన పనే.

నీళ్ళతో పాటు బావి కట్టుబడి కూడా సడలించకూడని లిస్టులో ఉండాలి నన్నడిగితే. హవాయీలో పూనా దగ్గర 1991లో ఒక బావి కంట్రోల్ తప్పి ఒక రోజుకి పైగా ఆవిరీ కుళ్ళు గుడ్ల వాసనొచ్చే గ్యాసూ చిమ్మింది, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. జర్మనీలో స్టౌఫెన్ అనే చిన్న ఊళ్ళో 2007లో టౌన్ హాలుని వెచ్చగా ఉంచుకుందామని లోతు కూడా పెద్దగా లేని, ఓ 140 మీటర్ల బోర్లు వేశారు, నీళ్ళు వెళ్ళి కింద ఉన్న ఆన్‌హైడ్రైట్ పొరకి తగిలాయి, అది జిప్సంగా మారి ఉబ్బింది, ఊరు పైకి లేచింది, రెండొందల పైచిలుకు బిల్డింగులకి పగుళ్ళు, ఆ టౌన్ హాలుతో సహా. రాతిని నీటి ఒత్తిడితో పగలగొట్టే కొత్తరకం ప్రాజెక్టుల్లో స్విట్జర్లాండ్ బాసెల్‌లో 2006లో 3.4 తీవ్రత కుదుపొచ్చి ప్రాజెక్టు మూతపడింది, దక్షిణ కొరియా పోహాంగ్‌లో 2017 నవంబర్‌లో 5.5 భూకంపం వచ్చింది, ఆ ప్రాజెక్టే దాన్ని రేపిందని ప్రభుత్వ కమిటీ 2019 మార్చిలో తేల్చింది. ఇవన్నీ చూపించి ఆపేయండి అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, కేసింగూ సిమెంటూ, బావి చిమ్మకుండా ఆపే బ్లోఅవుట్ ప్రివెంటరూ, కుదుపుల మీటర్లూ, ఊట మట్టం ప్రతి నెలా కొలిచి పబ్లిక్‌గా పెట్టడం, వీటి దగ్గర మాత్రం ఆఫీసరు ఎంత మొండిగా ఉంటే అంత మంచిది అంటాను. పాత సిస్టమ్‌లో ఈ మొండితనం బావి దగ్గర కన్నా పేజీల దగ్గర ఎక్కువ ఉండేది.

వేరే దేశాల సర్వీసు ఎలా ఉందంటే, ఇండోనేసియాది చిత్రం, 2014 దాకా చట్టం లెక్కలో జియోథర్మల్ అంటే మైనింగ్, మైనింగ్ కాబట్టి రక్షిత అడవుల్లోకి రానివ్వరు, అగ్నిపర్వతాలేమో ఆ అడవుల్లోనే ఉన్నాయి, కొత్త చట్టంతో ఆ ముద్ర తీసేశారు. జపాన్‌లో వనరు లెక్కలో ప్రపంచంలో మూడో స్థానం, వేడి ఉన్న చోట్లలో చాలావరకు నేషనల్ పార్కుల్లో, 2012 నుంచి ఆ రూల్స్ సడలిస్తూ వచ్చారు, అయినా కరెంటు పెద్దగా పెరగలేదు, ఎందుకంటే వేడినీటి స్నానాల సత్రాలవాళ్ళు మా ఊట ఎండితే ఎవరిది పూచీ అని అడుగుతున్నారు, ఆ ప్రశ్నకి రూల్ మార్చినంత ఈజీగా జవాబు దొరకదు.

ఇప్పుడే ఇంత హడావిడి ఎందుకంటే బోరు వేయడం ఫాస్ట్ అయిపోయింది. ఆయిల్ వాళ్ళ బిట్లూ అడ్డంగా తవ్వే పద్ధతీ తెచ్చి వాడుతున్నారు, యూటాలో మిల్‌ఫోర్డ్ దగ్గర ప్రభుత్వం ఫోర్జ్ అని ఒక ప్రయోగశాల లాంటి ఫీల్డే పెట్టింది, దానికి దగ్గర్లోనే ఫెర్వో అనే కంపెనీ కేప్ స్టేషన్ కడుతోంది, అక్కడ బావి ఖర్చు 94 లక్షల డాలర్ల నుంచి 48 లక్షలకి దిగిందని వాళ్ళే ప్రకటించారు. 2024 అక్టోబర్‌లో బీఎల్ఎం ఆ ప్రాజెక్టుకి 2 గిగావాట్ల దాకా ఓకే చెప్పింది, అంటే శ్రద్ధ పెడితే పెద్ద ఫైలు కూడా ఎమర్జెన్సీ అనకుండానే కదులుతుందన్నమాట. బావి వారాల్లో అయిపోయి కాగితం ఏళ్ళు పడితే కళ్ళన్నీ కాగితం మీదే పడతాయి మరి.

ఇంకా చేతికి రాని ఫీచర్ ఒకటుంది, హీట్స్ యాక్ట్ అని, పైన భూమి ప్రైవేటుదై కింద ఫెడరల్ వాటా సగం కన్నా తక్కువ ఉంటే రాష్ట్రం ఇచ్చిన డ్రిల్లింగ్ పర్మిట్ చాలు, ఫెడరల్ పర్మిట్ విడిగా అక్కర్లేదు అంటుంది. 2024 నవంబర్‌లో ప్రతినిధుల సభలో పాసైంది, ఆ సభ గడువు ముగిసేలోపు సెనేట్ దాటలేదు, చట్టం అయినప్పుడు స్టార్లు ఇస్తా.

కొత్తగా అప్లై చేసేవాళ్ళకి నా సలహా, 20 ఎకరాల మినహాయింపు వాడుకోండి, 14 రోజుల దారి ఆఫర్ చేసినా కొత్త లోయ అయితే వద్దనండి. లీజు వేలంలో చేయెత్తక ముందే చుట్టుపక్కల ఊటలన్నిటికీ మట్టం, వేడి కొలిచే మీటర్లు పెట్టించి ఏడాది లెక్కలు దాచుకోండి, రేపు మీ వల్లే ఎండిందని ఎవరైనా అన్నా, మీ వల్లే నిజంగా ఎండినా, మాట్లాడుకోడానికి ఆ కాగితం ఒక్కటే పనికొస్తుంది. బాటనిస్టుని మాత్రం జనవరిలోనే బుక్ చేసుకోండి, మార్చి వచ్చిందంటే ఒక్కరూ దొరకరు.